ఆపరేషన్ థియేటర్ సహాయక సిబ్బంది: భారతదేశంలో నియామక అర్హతలు

ఆపరేషన్ జరిగే గదిలో సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ చేదోడుగా ఉంటూ పరికరాలు, యంత్రాలు, శుభ్రత, రోగి తరలింపు చూసుకునేవారిని ఆపరేషన్ థియేటర్ సహాయక సిబ్బంది అంటారు. ఓటీ టెక్నీషియన్, అనస్థీషియా టెక్నీషియన్, స్టెరిలైజేషన్ విభాగం టెక్నీషియన్, గుండె ఆపరేషన్లలో పెర్‌ఫ్యూజనిస్టు, థియేటర్ అసిస్టెంట్, వార్డ్ బాయ్, ఆయా ఈ కోవలోకి వస్తారు. మన దేశంలో నర్సులకు 1947లోనూ ఫార్మసిస్టులకు 1948లోనూ జాతీయ చట్టాలు వచ్చాయి. థియేటర్ టెక్నీషియన్లకు జాతీయ స్థాయి చట్టం రావడానికి 2021 దాకా పట్టింది. మధ్యలో గడిచిన ఏడు దశాబ్దాలలో ఎవరిని పెట్టుకోవాలన్నది చాలావరకు ఆస్పత్రి ఇష్టం. చిన్న నర్సింగ్ హోముల్లో డాక్టర్‌గారి దగ్గర చేరి, చూసి నేర్చుకున్న కుర్రాడే కొన్నేళ్లకు ‘థియేటర్ బాయ్’ అయ్యేవాడు. వాళ్లలో గొప్ప పనిమంతులు ఉన్నారు. అయితే ఎవరు పనిమంతుడో, ఎవరు కాదో బయటివారు తేల్చుకునే దారి మాత్రం ఉండేది కాదు.

పని స్వభావం

ఏ అర్హత కావాలో తేల్చాలంటే ముందు ఏ పని చేయించుకుంటున్నామో చూడాలి. బయటి నుంచి చూస్తే అందరివీ ఒకే ఆకుపచ్చ దుస్తులు. లోపల మాత్రం ఒకరి పనికీ ఇంకొకరి పనికీ పోలిక ఉండదు.

అనస్థీషియా టెక్నీషియన్ రోజు మొదలయ్యేది యంత్రం పరీక్షతో. సర్క్యూట్‌లో ఎక్కడైనా గాలి లీకవుతోందా, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడా లైమ్ రంగు మారిందా, సక్షన్ లాగుతోందా, లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా, అదనపు సిలిండర్‌లో ఆక్సిజన్ ఉందా అని చూసుకోవాలి. మన దేశంలో ఆక్సిజన్ సిలిండర్‌కు నల్లని ఒళ్లు, తెల్లని భుజం ఉంటాయి. నైట్రస్ ఆక్సైడ్‌ది నీలం రంగు. ఒకదాని చోట మరొకటి బిగించడం సాధ్యం కాకుండా యంత్రం మీది పిన్నులను వేర్వేరు స్థానాల్లో అమరుస్తారు. ఆక్సిజన్‌కు 2, 5 స్థానాలు. నైట్రస్‌కు 3, 5. పిన్ను విరిగినా, అరిగిపోయినా, తోచినట్టు వాషర్ వేసి బిగించినా ఈ రక్షణ పోతుంది. అది తెలిసినవాడు బిగించే ముందే ఆగుతాడు. మత్తు ఇవ్వడం మాత్రం డాక్టర్ పనే. టెక్నీషియన్ సిద్ధం చేస్తాడు, అందిస్తాడు, కనిపెట్టుకుని ఉంటాడు. ‘సీనియర్’ అన్న పేరుతో ఈ గీత దాటించడం చిన్న ఆస్పత్రుల్లో కనిపించే ప్రమాదకరమైన అలవాటు.

ఓటీ టెక్నీషియన్ చూసుకునేవి ఆపరేషన్‌కు తగ్గట్టు టేబుల్‌ను, రోగిని అమర్చడం, లైట్లు, కరెంటుతో కోసి రక్తం ఆపే డయాథర్మీ, లాపరోస్కోపీ కెమెరా. డయాథర్మీ ప్లేటు చర్మానికి సరిగా అంటకపోతే రోగికి కాలిన గాయం అవుతుంది. మత్తులో ఉన్న మనిషి మంట అని చెప్పలేడు. గంటల తరబడి ఒకే భంగిమలో పడుకోబెట్టినప్పుడు మోచేతి దగ్గర, మోకాలి పక్కన నరాలు నొక్కుకుపోకుండా మెత్తలు పెట్టడమూ ఇతని బాధ్యతే.

స్టెరిలైజేషన్ విభాగంలో ఆవిరి ఆటోక్లేవ్‌ను 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 15 నిమిషాలో, 134 డిగ్రీల దగ్గర 3, 4 నిమిషాలో ఉంచుతారు. మీటరు ఆ అంకె చూపినంత మాత్రాన లోపలి సామాను క్రిమిరహితమైనట్టు కాదు. పొట్లం మధ్యకు ఆవిరి చేరిందా లేదా అన్నది రసాయన సూచికలు, మొండి బ్యాక్టీరియా బీజాలతో చేసే జీవ పరీక్ష చెప్పాలి. ఆ ఫలితాన్ని పుస్తకంలో రాయాలి. ఏ ట్రే ఏ రోజు, ఏ లోడులో వెళ్లిందో తర్వాత వెతికితే దొరకాలి. పదో తరగతి చదివిన మనిషికి ఇది నేర్పలేమని కాదు. నేర్పినట్టు, నేర్చుకున్నట్టు ఎక్కడో ఒకచోట రుజువుండాలి.

నర్సుల సంగతి

సర్జన్ చేతికి పరికరాలు అందించే స్క్రబ్ నర్సు, బయట తిరుగుతూ అవసరమైనవి తెచ్చే సర్క్యులేటింగ్ నర్సు జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఆపరేషన్ రూమ్ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమా కూడా ఉంది, అది ఏడాది కోర్సు. అది చేసినవారు దొరికితే మంచిదే కానీ, థియేటర్‌లో పెట్టుకోవడానికి తప్పనిసరి కాదు.

తెలుగు రాష్ట్రాల్లో చదువులు

ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన పారామెడికల్ బోర్డు చట్టం డిప్లొమా కోర్సులను ఒక తాటి మీదికి తెచ్చింది. విభజన తరువాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు బోర్డులు వచ్చాయి. అనస్థీషియా టెక్నీషియన్ డిప్లొమా, మెడికల్ స్టెరిలైజేషన్ మేనేజ్‌మెంట్ అండ్ ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ డిప్లొమా థియేటర్ పనికి నేరుగా పనికొచ్చేవి. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి మొదటి ప్రాధాన్యం, తరువాత ఎంపీసీ. వాళ్లు సరిపోకపోతే మిగతా గ్రూపులు. డిగ్రీ స్థాయిలో అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ కలిపిన బీఎస్సీని తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నడుపుతున్నాయి.

ఇవి కాక, ఊరూరా గోడల మీద కనిపించే ఆరు నెలల ‘ఓటీ అసిస్టెంట్’ కోర్సులు ఉన్నాయి. ‘వంద శాతం ఉద్యోగం’ అని రాసి ఉన్నంత మాత్రాన బోర్డు గుర్తింపు ఉన్నట్టు కాదు.

2021 చట్టం

జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం 2021 మార్చిలో రాష్ట్రపతి ఆమోదం పొందింది. పది వర్గాల కింద యాభైకి పైగా వృత్తులను గుర్తించింది. ట్రామా, కాలిన గాయాలు, శస్త్రచికిత్స, మత్తు సంబంధ వర్గంలో అనస్థీషియా టెక్నాలజిస్టు, ఓటీ టెక్నాలజిస్టు, ఎండోస్కోపీ-లాపరోస్కోపీ టెక్నాలజిస్టు ఉన్నారు. అనుబంధ వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడికి మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటలు చదువు ఉండాలి. ఈ ఒక్క నిర్వచనంతోనే ఆరు నెలల సర్టిఫికెట్ పక్కకు తప్పుకుంది. కొత్త సంస్థ పెట్టాలన్నా, కొత్త కోర్సు తెరవాలన్నా, సీట్లు పెంచాలన్నా రాష్ట్ర కౌన్సిల్ ముందస్తు అనుమతి కావాలి. వృత్తిలో ఉండాలనుకునేవారి పేరు రిజిస్టర్‌లోకి ఎక్కాలి.

కాగితం మీద ఉన్నంత వేగంగా అమలు సాగలేదు. చాలా రాష్ట్రాలు కౌన్సిళ్లే ఏర్పాటు చేయకపోవడంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2024 ఆగస్టులో కోర్టు చట్టం అమలుకు కేంద్రానికీ రాష్ట్రాలకూ రెండు నెలల గడువు పెట్టింది. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన ఉమ్మడి పాఠ్య ప్రణాళికల్లో అనస్థీషియా, ఓటీ టెక్నాలజీ ఒకటి. అంతదాకా ఒకే పేరున్న కోర్సులో ఒక రాష్ట్రంలో నేర్పేదానికీ మరో రాష్ట్రంలో నేర్పేదానికీ పొంతన ఉండేది కాదు.

డిప్లొమా లేకుండా ఇరవై ఏళ్లు థియేటర్‌లో పనిచేసినవారిని ఏం చేయాలన్నది అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న. అలాంటివారిని ఒక్కసారిగా తీసేస్తే జిల్లాల్లోని చిన్న ఆస్పత్రుల్లో చాలా థియేటర్లు మూతపడతాయి. అలాగని అనుభవమే అర్హత అనేస్తే చట్టానికి అర్థం లేదు. పని చూపించి పరీక్ష నెగ్గడం దీనికి న్యాయమైన దారిగా కనిపిస్తుంది. మొన్న చేరిన డిప్లొమా పిల్లవాడికి పెట్టే పరీక్షే ఈ పెద్దాయనకూ పెట్టాలి.

ఆస్పత్రి బాధ్యత

మహారాష్ట్రలోని ఔరంగాబాద్ ప్రభుత్వ ఆస్పత్రిలో 1963లో కాన్పు తరువాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఒక మహిళ కడుపులో తువాలు వదిలేశారు. రెండోసారి కడుపు కోసి తీశాక ఆమె చనిపోయింది. హైకోర్టు కింది కోర్టు తీర్పును కొట్టేసింది. అచ్యుతరావ్ ఖోడ్వా కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో 1996లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును ఒప్పుకోలేదు. తువాలు లోపల మిగిలిపోవడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమనీ, అది ఎవరి చేతుల్లో జరిగినా యజమానిగా ప్రభుత్వమే జవాబుదారీ అనీ చెప్పింది. 2004లో సవితా గర్గ్ కేసులో ఇదే బాధ్యతను ప్రైవేటు ఆస్పత్రికీ వర్తింపజేస్తూ, తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవలసింది ఆస్పత్రేనని తేల్చింది.

ఇలాంటి తువాళ్ల, రక్తం అద్దే గుడ్డల (మాపుల) లెక్క ఆపరేషన్ మొదలుకాకముందు, కడుపు మూసేముందు, చర్మం కుట్టేటప్పుడు జరగాలి. లెక్క పెట్టినది ఎవరు, వాళ్లకు ఆ శిక్షణ ఉందా అని కోర్టు అడిగిననాడు ఆస్పత్రి చూపించగలిగేది నియామకపు ఫైలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా పట్టికలోనూ ఈ లెక్క ఉంది. న్యూఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో ఆ పట్టికను పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ నోరు తెరిచి మాట్లాడితేనే ఆ పట్టిక పనిచేస్తుంది. తన పని తనకు క్షుణ్ణంగా తెలిసిన టెక్నీషియనే ‘సార్, ఒక మాపు తక్కువైంది’ అని ధైర్యంగా అనగలడు.

నియామకంలో చూసేవి

సర్టిఫికెట్ నకలు తీసుకుని ఫైలులో పెట్టుకోవడం పరిశీలన కాదు. దాన్ని ఇచ్చిన బోర్డు నుంచో విశ్వవిద్యాలయం నుంచో నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలి. నాణ్యతా గుర్తింపు కోరే ఆస్పత్రుల్లో జాతీయ ఆస్పత్రుల గుర్తింపు మండలి తనిఖీదారులు దీన్నే అడుగుతారు. ఎముకల ఆపరేషన్లలో వాడే సి-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోకి వస్తుంది. దాన్ని నడిపేవారికి తగిన అర్హతతో పాటు రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉండాలి. ఖాళీగా ఉన్న థియేటర్ అసిస్టెంట్ చేత మీట నొక్కించడం చెల్లదు. జీవ వైద్య వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నిబంధనలు ఆస్పత్రినే ఆదేశిస్తున్నాయి. పెద్దగా చదువు అడగని వార్డ్ బాయ్, ఆయా పోస్టులకూ ఇది వర్తిస్తుంది. సూది గుచ్చుకునే ముప్పు వాళ్లకేమీ తక్కువ కాదు.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో ‘ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్’ అన్న హోదాకు 2004 నుంచి చట్టరక్షణ ఉంది. నమోదు లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదు. అమెరికాలో దేశమంతటికీ ఒకే నియమం లేదు. మెడికేర్ నిబంధనల ప్రకారం సర్జికల్ టెక్నాలజిస్టులు రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలో స్క్రబ్ పని చేయవచ్చు. కొన్ని రాష్ట్రాలు అంతకుమించి సర్టిఫికేషన్ కోరుతున్నాయి. టెక్సస్ 2009లో చట్టం తెచ్చినప్పుడు అప్పటికే పనిలో ఉన్నవారిని మినహాయించింది. ఎంత వెతికినా అర్హులు దొరకని ఆస్పత్రులకూ సడలింపు ఇచ్చింది. మన జిల్లాలకు పనికొచ్చే ఉదాహరణ ఈ రెండో సడలింపే.

గల్ఫ్ దేశాలకు వెళ్లే తెలుగు టెక్నీషియన్లకు సౌదీ, దుబాయ్ ఆరోగ్య సంస్థల లైసెన్సు కావాలి. అందుకు డిప్లొమా, మార్కుల జాబితా, అనుభవ పత్రం ఒక్కొక్కటీ ఇచ్చిన చోటికే తిరిగి వెళ్లి నిజమని తేలాలి. చిన్న ఆస్పత్రిలో చేరిననాడు నియామక పత్రమే తీసుకోనివారికి అనుభవం నిరూపించుకోవడం కష్టమవుతుంది. జీతం నగదుగా ముట్టి, హాజరు పట్టీలో పేరు లేకపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రావు.