కాలదోషం పట్టిన బాకీ – ఖాజీ న్యాయస్థానం

మూడేళ్లు దాటిన ప్రోనోటును మన పల్లెల్లో ‘కాలదోషం పట్టిన నోటు’ అంటారు. ఆ గడువు నిండకముందే ఎంతో కొంత పైకం జమకట్టించి నోటు వెనుక చెల్లు వేయించడమో, నోటునే తిరగరాయించడమో అప్పిచ్చినవారి ఆనవాయితీ. గడువు దాటితే కోర్టు తలుపు మూసుకుంటుందని ఋణదాతకూ తెలుసు, ఋణగ్రస్తునికీ తెలుసు. అయితే తలుపు మూసుకున్న మాత్రాన బాకీ కూడా తీరిపోయినట్లేనా? ఇస్లామీయ న్యాయశాస్త్ర చరిత్రలో ఈ ప్రశ్న పెద్ద చర్చకే దారితీసింది.

దైవప్రవక్త (సఅసం) కాలంలో బాకీల వసూలు మసీదు ఆవరణలోనే జరిగిన సందర్భాలున్నాయి. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీ కోసం ఇబ్ను అబీ హద్రద్ (రజి)ను మసీదులో నిలదీయగా ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (సఅసం) తమ గది తెర తొలగించి, సగం వదులుకొమ్మని కఅబ్ గారికి సైగ చేశారు. ఆయన అంగీకరించిన మరుక్షణమే, లేచి మిగతాది చెల్లించమని రెండవవారిని ఆదేశించారు. మరొక సందర్భంలో ఒక వ్యక్తి ప్రవక్తనే ఒంటె బాకీ గురించి పరుషంగా అడిగాడు. సహచరులు ఆగ్రహించగా, హక్కుదారునికి మాట్లాడే హక్కున్నదని వారిని వారించి, అతనికి మరింత మంచి ఒంటెను ఇప్పించారు. ఉహుద్‌లో షహీదైన తండ్రి బాకీ ముప్పయి వస్ఖుల ఖర్జూరం హజ్రత్ జాబిర్ (రజి) మీద పడినప్పుడు, ప్రవక్త స్వయంగా సిఫారసు చేసినా యూదుడైన ఆ ఋణదాత గడువివ్వలేదు. అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. తోటలో దిగిన ఖర్జూరంతో బాకీ అంతా తీరి, పదిహేడు వస్ఖులు మిగిలాయని ఉల్లేఖనం చెబుతున్నది.

ఈ సంఘటనల్లో బాకీ ఏనాటిదన్న ప్రస్తావన ఎక్కడా లేదన్నది గమనార్హం. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో అప్పును వ్రాసుకొమ్మన్నది, సాక్షులను పెట్టుకొమ్మన్నది, ఇబ్బందుల్లో ఉన్నవానికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వమన్నది. కాలం గడిస్తే హక్కు రద్దవుతుందని మాత్రం ఎక్కడా అనలేదు. హనఫీ న్యాయవేత్తలు కొన్ని హద్దు శిక్షల విషయంలో ఆలస్యంగా వచ్చిన సాక్ష్యాన్ని తోసిపుచ్చారు, కాని మానవుల హక్కులకు ఆ సూత్రాన్ని వర్తింపజేయలేదు. బాకీ ఏళ్ల తరబడి నిలిచినా బాకీయే.

సూత్రం ఇంత స్పష్టంగానే ఉన్నా ఆచరణలో చిక్కు వచ్చింది. అప్పు తీసుకున్నవాడు గతించాడు, సాక్షులూ గతించారు. ఇరవై ఏళ్ల తరువాత ఒకడు కాగితం పట్టుకుని వారసుల గుమ్మం తొక్కుతాడు. వారసుల బాధ్యత మృతుని ఆస్తి మేరకే, అయితే ఆస్తి పంపకానికి ముందే అప్పు తీర్చాలన్నది నిసా సూరాలోని ఆదేశం. కాగితం నిజమైనదైతే దాన్ని తోసిపుచ్చడం మృతునికి అన్యాయం, దొంగదైతే ఒప్పుకోవడం అనాథలకు అన్యాయం. ఖాజీ ఏం చేయాలి?

దీనికి ఉస్మానియా సామ్రాజ్యం 16వ శతాబ్దం మధ్యలో ఒక మార్గం కనుగొన్నది. సుల్తాన్ సులైమాన్ (పాలన 1520–1566) కాలంలో, షైఖుల్ ఇస్లాం అబుస్సుఊద్ ఎఫెండీ హయాములో, ధర్మసమ్మతమైన సాకు లేకుండా పదిహేనేళ్లు వదిలేసిన దావాలను వినరాదని ఖాజీలకు ఉత్తరువు వెళ్లింది. ఇందులోని తర్కం సున్నితమైనది. హక్కును రద్దుచేసే అధికారం సుల్తానుకు లేదు. కాని ఖాజీ సుల్తాను నియమించిన ప్రతినిధి, ఏ దావా వినాలో ఏది వినకూడదో చెప్పే అధికారం నియమించినవానికి ఉన్నది. అంటే ఆ ఉత్తరువుకు లోబడినది ఖాజీ చెవి మాత్రమే, బాకీ కాదు. డమాస్కస్‌కు చెందిన ఇబ్ను ఆబిదీన్ (మరణం హి. 1252 / క్రీ.శ. 1836) తన ‘రద్దుల్ ముహ్తార్’లో దీన్ని చర్చిస్తూ, ఈ నిషేధం కుయుక్తులను, దొంగపత్రాలను అరికట్టడానికేనని వివరించారు. హక్కు నశించకుండా, నిషేధించిన సుల్తానే ఆ దావా స్వయంగా వినాలి లేదా వినమని ఆదేశించాలి అని కూడా అన్నారు. రాజధాని దాకా పోగల స్తోమత ఎందరు బాకీదారులకు ఉంటుందన్నది వేరే విషయం!

1869–1876 మధ్య అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలో వెలువడిన ‘మజల్ల’ ఈ ఉత్తరువును చట్టంగా క్రోడీకరించింది. మొత్తం 1851 సూత్రాల్లో 1660వది అప్పు, అమానతు, సొంత ఆస్తి, వారసత్వం వంటి దావాలకు పదిహేనేళ్ల గడువు పెట్టింది. వక్ఫ్ మూలం విషయంలో ముతవల్లీకి ముప్పయి ఆరేళ్లు. మైనరు, మతిస్థిమితం లేనివాడు, దూరదేశంలో ఉన్నవాడు ఊరుకున్న కాలం లెక్కకు రాదు. దూరమంటే ఎంత? మితమైన నడకతో మూడు రోజులు, అనగా పద్దెనిమిది గంటల ప్రయాణమని కూడా చెప్పారు. ప్రత్యర్థి దౌర్జన్యపరుడైతే, అతనికి జడిసి నోరు మెదపని కాలమూ లెక్కలోకి రాదు. వసూలుకు వచ్చినవాడు వీధిలో ఎన్నిసార్లు కేకలు వేసినా గడువు ఆగదు, ఖాజీ సమక్షంలో అడిగితేనే ఆగుతుంది.

అన్నింటికన్నా కీలకమైనది 1674వ సూత్రం. కాలగమనం వల్ల హక్కు పోదని అది నిర్ద్వంద్వంగా ప్రకటించింది. ప్రతివాది ఖాజీ ఎదుట ‘బాకీ నిజమే’ అంటే, పదిహేనేళ్లు దాటినా చెల్లించమనే తీర్పు. కోర్టు బయట ఒప్పుకున్నాడన్న మాట చెల్లదు, అతని తెలిసిన చేవ్రాలో ముద్రో గల పత్రం ఉంటే తప్ప.

మన దేశంలో 1859లో ఆంగ్లేయులు చేసిన కాలపరిమితి చట్టం మామూలు బాకీ పత్రాలకు మూడేళ్లే పెట్టింది. ఋణగ్రస్తునికి మేలని తలచారు. దక్కన్‌లో జరిగింది వేరు. గడువు ముంచుకు వచ్చిన ప్రతిసారీ షావుకారు వడ్డీని అసలులో కలిపి రైతుచేత కొత్త పత్రం రాయించుకున్నాడు. 1875 మే 12న పుణె జిల్లా సుపాలో రైతులు తిరగబడినప్పుడు వారు వెతికి వెతికి తగలబెట్టింది ఆ పత్రాలనే. 1879లో దక్కన్ రైతుల ఉపశమన చట్టం వచ్చింది. వడ్డీ లేని అప్పు పదిహేనేళ్లకైనా ఇచ్చినంతే ఉంటుంది, కాబట్టి దీర్ఘమైన గడువు దానివల్ల ఎవరినీ ముంచదు. వడ్డీ ఉన్నచోట గడువు కుదించడమే ఉరి అయింది. ఉస్మానియా సమాజంలో వడ్డీయే లేదనుకోవడం మాత్రం పొరపాటు. నగదు వక్ఫులు షరీఅత్ పరిభాష చాటున లాభం తీసుకునేవి, వాటిని సమర్థించిన వారిలో అబుస్సుఊద్ ఎఫెండీ కూడా ఉన్నారు.

టర్కీ 1926లో మజల్లను పక్కనబెట్టి స్విస్ చట్టాన్ని తెచ్చుకున్నది. ఇరాఖ్ 1951లో, జోర్డాన్ 1976లో కొత్త సివిల్ స్మృతులు రాసుకున్నాయి. ఈ రెండింటిలోనూ పదిహేనేళ్ల గడువు దగ్గర ఒక పాత మాట నిలిచి ఉన్నది: అలల్ మున్కిర్. అనగా, కాలం గడిచిన దావాను వినకపోవడం ‘నిరాకరించేవాని మీద’ మాత్రమే. కాలదోషం కావాలనుకున్న ఋణగ్రస్తుడు ‘చాలా ఏళ్లయింది’ అంటే చాలదు, ఖాజీ ఎదుట నిలబడి ‘నేను ఇతనికి బాకీ లేను’ అనాలి.