ఆమె మాటల మీద హక్కు ఎవరిది?

తాగొచ్చి కొట్టడం ఇంటి గొడవ కాదని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తేల్చి చెప్పారు. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇదే జిల్లా తీరంలో, మైపాడు వైపు పల్లెల్లో నేను వింటూ వస్తున్న సెల్‌ఫోను తగువుల్ని మాత్రం ఇంకా ఇంటి గొడవలనే అంటున్నారు. "ఎవరితో అంతసేపు?" అన్న ఆరాతో మొదలై ఫోను లాక్కునే దాకా పోతాయవి.

ఈ ఆరా కోర్టుకీ ఎక్కింది. ఒక భర్త, భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోను మాటల్ని ఆమెకు తెలియకుండా రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టాడు. అది చట్టవిరుద్ధమనీ, ఆ మాటలు నిజమే అయినా సాక్ష్యంగా చెల్లవనీ 2007 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పెళ్లితో స్త్రీ ఏకాంతం భర్త సొత్తు కాదని నేను ఆ తీర్పులో చదువుకున్నాను. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు అన్నది ఆ తర్వాత పదేళ్లకి, 2017లో.

2025 జూలైలో అదే సుప్రీంకోర్టు, దంపతులు తమలో తాము మాట్లాడుకున్న మాటల్ని ఒకరు రహస్యంగా రికార్డు చేసినా, వారి మధ్య దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. హింస పడే భార్యకు ఇది ఆయుధమే కావచ్చు. కానీ రికార్డు చేయాలంటే ముందు ఫోను ఆమె చేతిలో ఉండాలి. లాక్కున్న వాడి చేతిలో ఉన్నప్పుడు ఆ చట్టం ఎవరికి పనికొస్తుంది?