వంశవృక్షం లేనివాళ్ళ చరిత్ర

వంశవృక్షం ఎవరికి ఉంటుంది? భూమి ఉన్నవాడికి ఉంటుంది. పంపకాల దావా వేసినా, దత్తత చెల్లదని కోర్టుకెక్కినా వకీలు అడిగే కాగితాల్లో అదొకటి. జమీందారుకి భట్రాజులు వంశావళి చదివారు. మోతుబరి రైతుల గోత్రాలూ ఇంటిపేర్లూ పిచ్చిగుంట్లవాళ్ళు వచ్చి ఏకరువు పెట్టారు. మాదిగల పుట్టుక కథని డక్కలివాళ్ళు జాంబపురాణంగా చెప్పారు. అయితే అందులో జాతి పుట్టుక ఉంది గాని, ఫలానా పాలేరు ముత్తాత ఎవరన్నది లేదు. సెంటు భూమి లేనివాడి ముత్తాత పేరుతో ఎవరికీ పని పడలేదు.

ఇప్పుడు కొత్త భట్రాజు వచ్చాడు. చిన్న గొట్టంలో ఉమ్మి నింపి పోస్టులో పంపితే, కొన్ని వారాల్లో నీ పూర్వులు ఏ ప్రాంతంవాళ్ళో, నీకు తెలియని చుట్టాలు ఎక్కడున్నారో చెబుతాడు. 2000 తర్వాత మొదలైన ఈ వ్యాపారంలో రెండు పెద్ద అమెరికన్ కంపెనీల ఖాతాదారులే నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్నారు. వంశవృక్షం లేనివాళ్ళకి ఇది వంశవృక్షం ఇస్తుందా? ఇదీ మన ప్రశ్న.

ఈ ప్రశ్న నిజంగా ఎవరికి పుండు మీద కారమో ముందు చూడాలి. తెల్లదొరల చెరకు తోటల కోసం మన జనాన్ని ఓడలెక్కించారు. 1834 నుంచి మారిషస్‌కి, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి, 1879 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలు వెళ్ళారు. ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా నటాల్‌కి వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. అందులో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. తమిళులతో పాటు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, డెల్టా పచ్చబడింది. కాని కాలవ ఎక్కని మెట్ట మెట్టగానే ఉంది. మా కామవరపుకోట ఆ మెట్టలోదే. కాలవ నీరు భూమి ఉన్నవాడి గాదెలోకి వెళ్ళింది. భూమి లేనివాడు రంగూన్‌కో మరో రేవుకో వెళ్ళాడు.

విచిత్రమేమంటే, ఊళ్ళో ఎవడూ రాయని కూలివాడి పేరుని దొర గుమాస్తా రాశాడు. ఓడ రిజిస్టర్లలో ఒక్కొక్క మనిషికీ ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు ఉన్నాయి. ప్రేమతో రాసింది కాదు. తోటలోంచి పారిపోతే పట్టుకోవడానికి రాసింది. ఆ గుమాస్తాకి తెలుగు రాదు. చెవికి వినిపించినట్టు రాశాడు. ఊరి పేర్లు గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. ఇంటిపేర్లు చాలావరకు రాలిపోయి, నాయుడు, రెడ్డి అనే చివరి మాటలే ఇంటిపేర్లయి కూచున్నాయి. ఆ బిడ్డల బిడ్డలే 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భాష నిలుపుకోవాలని ఆరాటపడ్డారు. మూలం ఏ ఊరో తెలియని కుటుంబాలు వాళ్ళలో ఎన్నో. ఉమ్మి గొట్టం వాళ్ళ ముందు ఒక ఆశ పెట్టింది.

ఆ ఆశ ఎంతవరకు తీరుతుంది? లెక్క చూద్దాం. అన్నదమ్ముల పిల్లల మధ్య ఉమ్మడి జన్యుభాగం సగటున నూటికి 12.5. వాళ్ళ పిల్లల మధ్య 3.1. ఆ తర్వాతి తరంలో 0.8 కూడా ఉండదు. ఓడెక్కినవాడు ముత్తాత అయితే, ఊళ్ళో మిగిలిన తమ్ముడి మునిమనవడితో ఈ మునిమనవడికి ఉన్న పాలు అంతే. అక్కడికీ పదింట తొమ్మిది జంటల్లో పోలిక దొరుకుతుంది. ఇంకో తరం దిగితే ఇంచుమించు సగం జంటల్లో బొత్తిగా కనిపించదు. 1890ల్లో వెళ్ళినవాళ్ళ సంతతి ఇప్పుడు ఈ రెండు మెట్ల మధ్యనే ఉంది.

దీనికంటే పెద్ద చిక్కు మరొకటి. చుట్టరికం తేలాలంటే ఇరుపక్షాలవాళ్ళూ గొట్టంలో ఉమ్మి ఉండాలి. డర్బన్ మనవడు ఉమ్మాడు. మెట్టలో పామాయిల్ గెలలు కోసే తమ్ముడి మనవడు ఎందుకు ఉమ్ముతాడు? ఒక్క పరీక్ష ఖరీదు అతని ఎన్ని రోజుల కూలి? అందుచేత కంపెనీ భాండాగారంలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు కనుక్కుంటారు. లేనివాళ్ళు మళ్ళీ లేనివాళ్ళే.

నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో ఇంజనీరు. తన ఫలితాన్ని నాకు పంపాడు. వందలాది దూరపు చుట్టాలు. పేర్లను బట్టి చూస్తే దాదాపు అందరూ అతని కులంవాళ్ళే, అందరూ అమెరికాలోనే ఉన్నారు. అతను ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం అందులో వంశం కంటే, ఎవరి పిల్లలకి ఇంజనీరింగు సీటూ విమానం టిక్కెట్టూ దొరికాయో ఆ పటం కనిపించింది. ఇంకో తమాషా, ఆ పట్టికలో ‘రెండో తరం దాయాది’ అని చూపిన మనిషికీ ఇతనికీ ఆ వరస కుదరనే లేదు. కారణం మనకు తెలిసిందే. మేనరికాలు, అక్కకూతుళ్ళతో పెళ్ళిళ్ళు తరతరాలుగా సాగిన చోట ఒకే పూర్వీకుడు చెట్టులో నాలుగు కొమ్మల మీద కూచుంటాడు. దూరపువాడు దగ్గరవాడిలా కనిపిస్తాడు. ఐరోపా కుటుంబాల్ని చూసి తయారుచేసిన కొలబద్ద మన పెళ్ళిపందిట్లో తడబడుతుంది.

మనుషుల్ని కొలిచే ఉత్సాహం కొత్తది కాదు. 1901 జనాభా లెక్కల కమిషనరు రిస్లీ ముక్కు పొడవూ వెడల్పూ కొలిచి కులాల అంతస్తు తేల్చబోయాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కొలతబద్ద పట్టుకు తిరిగి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. అదే ముక్కు కొలతల్ని తీసుకుని, బ్రాహ్మడూ అంటరానివాడూ వేరు జాతులు కారని 1948లో అంబేద్కర్ తిప్పికొట్టాడు. ఇప్పుడు ముక్కు పోయి ఉమ్మి వచ్చింది. ‘మా రక్తం కలవలేదు’ అని నిరూపించుకోవాలనే కోరిక మాత్రం పోలేదు.

మరి విజ్ఞానం ఏం చెప్పింది? హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిని పరీక్షించారు. అందులో మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు సమూహాలున్నాయి. దేశంలో దాదాపు అందరూ రెండు ప్రాచీన ధారల కలయికేననీ, పాళ్ళలోనే తేడా అనీ తేలింది. 2013లో ఆ కలయిక కాలాన్ని లెక్కగట్టారు: సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు. అంటే వేల ఏళ్ళ పాటు అందరూ కలిశారు. తర్వాతనే తలుపులు మూసుకున్నారు. కులం సృష్ట్యాదిది కాదు, చరిత్రలో ఒకనాడు బిగించిన గొళ్ళెం. తలుపు మూసినందుకు మూసినవాళ్ళే మూల్యం చెల్లిస్తున్నారు. వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సలో కండరాల్ని సడలించే ఒక మందు ఇస్తే ఎంతసేపటికీ దాని ప్రభావం విడవదు. దాన్ని విరిచే ఎంజైము లోపం తరాల స్వకుల వివాహాల్లో వాళ్ళలో పోగుపడింది.

ఇంకో సంగతి మరింత పదునైనది. విశాఖ ప్రాంతపు కులాల మీద 1998లో వెలువడిన పరిశోధన, తల్లి వైపు జన్యువులు కులాల మధ్య కొంత కదిలాయనీ, తండ్రి వైపువి కదల్లేదనీ చూపింది. స్త్రీ గడప దాటింది, పురుషుడు దాటలేదు. ఆ స్త్రీలలో ఇష్టపడి వెళ్ళినవాళ్ళెందరు, దొర పంపగా వెళ్ళినవాళ్ళెందరు? ఉమ్మి చెప్పదు. దివాణాల చరిత్ర తెలిసిన మనం ఊహించగలం. అయినా ఒక మేలు ఒప్పుకోవాలి. మన వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పేర్లు అరుదు. తల్లి నుంచి బిడ్డకి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా జన్యువు, ఏ భట్రాజూ పాడని తల్లుల వరసని మోసుకొచ్చింది.

ఈ సంపద ఎవరి చేతిలో ఉంది? ‘ట్వంటీత్రీ అండ్ మీ’ అనే కంపెనీలో 2018లో ఒక మందుల కంపెనీ 30 కోట్ల డాలర్లు పెట్టింది. 2023లో అక్కడి 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది వంశచరిత్ర అప్పులవాళ్ళ ముందు ఆస్తిగా నిలబడి చేతులు మారింది. నటాల్ రిజిస్టర్ కూలివాడి ఒంటి మచ్చని యజమాని కోసం రాసింది. కొత్త రిజిస్టర్ ఒంటిలోపలి మచ్చని రాస్తోంది. తేడా ఏమంటే, ఈసారి రాయించుకున్నవాడే రుసుము కడుతున్నాడు.

అలాగని పరీక్ష చేయించుకున్న డర్బన్ మనవణ్ణి వెక్కిరించే హక్కు మనకు లేదు. అతను వెతుకుతున్నది రాజవంశం కాదు, తన పూర్వుణ్ణి ఓడెక్కించిన ఆకలి ఏ ఊరిదో తెలుసుకోవాలని. ఆ సమాధానంలో సగం డర్బన్ రిజిస్టర్లో ఉంది, సగం మన దగ్గరుంది. కొల్లేటి వడ్డెలు తమ పెద్దలు గజపతుల సైన్యంతో వచ్చారని చెప్పుకుంటారు. ఏలూరు తివాచీ నేతగాళ్ళు పర్షియా పేరు చెబుతారు. అలాగే ‘మా తాత అన్న రంగూన్ పోయి రాలేదు’ అనే మాట మెట్ట గూడేల్లో ముసలివాళ్ళ నోట ఇంకా వినిపిస్తుంది. ఆ మాట రాసుకున్నవాళ్ళు లేరు.

రాయగలిగిన వాళ్ళం మనమే. బళ్ళో చరిత్ర పాఠానికి శాలంకాయనుల వంశక్రమం బట్టీ పట్టిస్తాం. దాని పక్కనే ప్రతి పిల్లవాడి చేతా అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు, ఏ ఊరి నుంచి ఏ పనికి వచ్చారో, ఎవరు వెళ్ళి తిరిగి రాలేదో అడిగి రాయించవచ్చు. దీనికి గొట్టం అక్కర్లేదు, డాలర్లు అక్కర్లేదు. రూళ్ళ పుస్తకం చాలు. ముసలివాళ్ళు ఉండగానే పని మొదలుపెట్టాలి.