మానిన మాంసం, కోసిన జుట్టు: మారిందెవరి గుణం?

క్రైస్తవం పుచ్చుకుంటే మనిషి మారతాడనే మాట మన పల్లెల్లో పాతదే. తాగుడు మానేశాడు, పెండ్లాన్ని కొట్టడం మానేశాడు, మాట తప్పడు అని సాక్ష్యం చెప్పుకుంటారు. మిషనరీలు తమ రిపోర్టుల్లో రాసుకున్నదీ ఇదే. మేం ఆ మాటని కొట్టిపారెయ్యడం లేదు. ఆ మార్పు ఎవరి కళ్లకు ఎట్లా కనబడిందీ, దానికి 'గుణం' అని పేరు పెట్టిందెవరూ అనేదే మా ప్రశ్న.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు ఇందులో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు కింద ఉండేది. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన స్కడ్డర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. ఆ మిషన్ మనిషే జేకబ్ చాంబర్లేన్, 1863లో మదనపల్లెకొచ్చాడు. జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు 1865లో సూళ్లూరుపేటలో మొదలుపెట్టి తిరుపతి, శ్రీకాళహస్తి దాకా విస్తరించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పని అమెరికా లూథరన్ల చేతికొచ్చింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి దాని వారసురాలే.

ఆర్కాటు మిషన్ పల్లెను చేర్చుకునేటప్పుడు కొన్ని షరతులు పెట్టేది. విగ్రహారాధన మానాలి, ఆదివారం పాటించాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, జుట్టుముడి కోయించుకోవాలి. మిషనరీకి ఇవి మారుమనసు గుర్తులు. ఊరికి మాత్రం ఇవి ఎదురు తిరగడం. ఎందుకంటే చచ్చిన గొడ్డును లాక్కుపోవడం మాదిగ మీద ఊరు మోపిన చాకిరీ, ఆ మాంసమే దానికి కూలి. కూలి ఒద్దన్నవాడు రేపు చాకిరీ కూడా ఒద్దంటాడు. ఆదివారం సంగతీ అంతే. పాలేరుకు సెలవనేదే లేని రోజుల్లో, ఏడింట్లో ఒక రోజు నాది అనడం చిన్న మాట కాదు. విగ్రహారాధన మానడమంటే ఊరి జాతరలో పలక కొట్టే వెట్టి మానడం కూడా. అప్పటి చిత్తూరు జిల్లా తూర్పు ప్రాంతంలో మాదిగ ఆడపిల్లల్ని మాతమ్మకు వదిలే ఆచారం ఉండేది. 1988లో చట్టం నిషేధించినా అది పూర్తిగా పోలేదు. మాతమ్మకు మొక్కనివాడు బిడ్డను ఆమె పేరిట వదలాల్సిన పని లేదు. కాబట్టి రిపోర్టుల్లో 'సత్ప్రవర్తన' అని రాసినదాన్ని మేం తిరస్కారం అని చదువుతున్నాం.

అట్లాగని షరతులన్నీ మనవాళ్ల విముక్తికే పెట్టారని చెప్పలేం. జుట్టుముడి కోయించడంలో దొర చూపే ఎక్కువ. పలక వెట్టి మాత్రమే కాదు, అది మన కళ కూడా. వెట్టితోపాటు కళనూ పాపం కింద జమకట్టారు. 1994లో మాదిగ దండోరా వచ్చి అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తి పట్టింది.

1876–78 ధాత కరువు తర్వాత దక్షిణాదిలో చాలామంది చర్చిలో చేరారు. అప్పట్నించీ 'గంజి కోసం కలిసినోళ్లు' అనే ఎగతాళి ఉంది. 1930ల్లో గాంధీ కూడా సామూహిక మతమార్పిళ్లను విమర్శించాడు. ఆకలి ఉన్నవాడికి ఆత్మ ఉండదా? గంజి పోసిన చోట పేరు పెట్టి పిలిస్తే, 'ఒరే పోలిగా' అని పిలిపించుకున్న మనిషికి అది గంజి ఒక్కటే కాదు.

అయితే మారనిదేంటో కూడా చెప్పుకోవాలి. చర్చిలో కులం చావలేదని, మతం మారినవాడి స్థితి ఏంటని అంబేద్కర్ నిలదీశాడు. ఆ రచనలు 1989లో ఆయన సంపుటాల్లో అచ్చయ్యాయి. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్న మాల, మాదిగలు పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఎవరి పేట వాళ్లదే.

ఇక రాజ్యం చేసిన పని చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బి.సి.-సి., వాళ్ల వాటా ఒక్క శాతం. దీన్ని పరిశీలించేందుకు 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఈ ఉత్తర్వు వల్ల ఆదివారం చర్చిలో ఏసుదాసు, సోమవారం ఆఫీసులో గంగులు. మారిన సంగతి నలుగురికీ కనబడాలని చర్చి అంటుంది, కనబడితే సర్టిఫికెట్ పోతుందని చట్టం అంటుంది. ఆ మనిషినే చూపించి 'వీళ్లకు నిజాయితీ లేదు' అంటారు. ఈ రెండు పేర్లు అతని గుణంలోంచి పుట్టలేదు, 1950 ఉత్తర్వులోంచి పుట్టాయి.

పల్లెలో ఎవడు తాగుడు మానాడో, ఎవడు మాంసం మానాడో నూరేళ్లకు పైగా లెక్క రాశారు. గొడ్డును లాక్కుపోమన్న ఆసామి మారాడా, పలక కొట్టనన్నందుకు పని మాన్పించిన ఊరు మారిందా అని అంత శ్రద్ధగా లెక్క కట్టినవాళ్లు లేరు. మన చరిత్ర రాసేవాళ్లు ఆ రెండో లెక్క కూడా మొదలుపెట్టాలి.