టేపును సాగనంపిన చిప్పు

మినీ డీవీ కెమెరా మూత తీస్తే లోపల చిన్నపాటి మెషినరీ కనిపించేది. గిర్రున తిరిగే డ్రమ్ము, దానికి హెడ్లు, క్యాసెట్‌లోంచి టేపును లాగి డ్రమ్ముకు చుట్టే గైడ్లు. కాస్త దుమ్ము పట్టినా, తేమ తగిలినా బొమ్మ గళ్లు గళ్లుగా పడేది. ఇంత సరంజామాకూ సెలవు చెప్పించింది గోరంత సిలికాన్ ముక్క.

దాని మూలం 1967 నాటిది. విద్యుత్ బంధకం మధ్య ఇరికించిన ట్రాన్సిస్టర్ గేటులో ఎలక్ట్రాన్లను బంధిస్తే, కరెంటు పోయినా అవి అక్కడే ఉంటాయని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ చూపించారు. జపాన్‌లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా అక్కడి నుంచి అందుకున్నాడు. ఒక్కో బైటునూ విడిగా చెరిపే సౌకర్యం వదులుకుని, మొత్తంగా ఒకేసారి చెరిపితే చిప్పు చిన్నదవుతుంది, చవకవుతుంది. అదే 1984లో ఆయన ప్రకటించిన ఫ్లాష్ మెమరీ. మెమరీ సెల్స్‌ను వరసగా గొలుసు కట్టి మరింత కుదించిన నాండ్ రకం 1987లో వచ్చింది. ఇవాళ్టి మెమరీ కార్డులన్నీ దాని సంతానమే. అంతటి మనిషి తన వాటా కోసం కంపెనీ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2006లో 8.7 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. ఆ పనికి అది చాలా తక్కువ.

పానాసోనిక్ 2004లో వీడియో కెమెరాల కోసం తెచ్చిన పీ2 కార్డు లోపల నాలుగు ఎస్‌డీ కార్డులు ఉండేవి. గంటసేపు నడిచే క్యాసెట్ ముందు 4 జీబీ కార్డు పట్టుమని 20 నిమిషాలు కూడా వచ్చేది కాదు, పైగా ఖరీదు. అందుకే షూట్ చేయడం, ల్యాప్‌టాప్‌లోకి దించడం, కార్డు చెరిపి మళ్లీ పెట్టడం అలవాటైంది. 2011 జపాన్ సునామీకి సెందాయ్ దగ్గరున్న సోనీ టేపుల ఫ్యాక్టరీ దెబ్బతిని స్టూడియోలకు టేపు కరవైంది. చాలామంది ఫైళ్ల దారి పట్టారు.

ఇప్పుడు ఫోన్లు సైతం బయటి ఎస్‌ఎస్‌డీలోకి నేరుగా రికార్డు చేస్తున్నాయి. షూటింగ్ నడుస్తుండగానే తేలికపాటి కాపీ నెట్ మీదుగా ఎడిటింగ్ గదికి చేరుతోంది. రేపటి కెమెరాలో కార్డు మజిలీ మాత్రమే. అయితే క్యాసెట్ ఉన్నన్నాళ్లు ఒరిజినల్ బీరువాలో ఉండేది, కార్డు మాత్రం మర్నాటి షూటింగ్‌కే చెరిగిపోతుంది. పైగా బంధించిన ఎలక్ట్రాన్లు ఏళ్ల తరబడి వాడకపోతే మెల్లగా జారిపోతాయి. పెద్ద ఆర్కైవ్‌లు నేటికీ మాగ్నెటిక్ టేపును నమ్ముకోవడానికి ఇదీ ఒక కారణం.

పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారని నిశ్చింతగా ఉండకండి, అదీ ఫ్లాషే. ఇవాళే హార్డ్‌డిస్క్‌లోకి ఒకటి, మరోచోట ఇంకొకటి కాపీ చేసి పెట్టుకోండి.