పాత కంప్యూటరుకు పునర్నియామకం

మన సభ్యులలో చాలామంది ఇళ్లలో పిల్లలు వదిలివెళ్లిన కంప్యూటరు ఒకటి ఉంటుంది. మా ఇంట్లోదీ అటువంటిదే. దానిలో ఉన్న విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తరువాతి విండోస్ 11 కోరే అర్హతలు మా యంత్రానికి లేవు. ఆరోగ్యం బాగానే ఉన్నా నిబంధనల ప్రకారం పదవీ విరమణ! మనకు తెలియని వ్యవహారమా? తూకానికి వేసేద్దామనుకుంటుండగా మా మనవడు, "తాతయ్యా, ఒకసారి లినక్స్ వేసి చూద్దాం, డబ్బేమీ పెట్టక్కరలేదు" అన్నాడు.

ఊరికే వచ్చేదానిపై నాకు అనుమానం ఎక్కువ. ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అని చదవడం మొదలుపెట్టాను. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 'గ్నూ' అనే పనికి పూనుకున్నారు. ప్రోగ్రామును వాడుకునే ప్రతివారికీ దానిని చదివే, మార్చుకునే, ఇతరులకు పంచే హక్కు ఉండాలన్నది ఆయన వాదం. 1991 ఆగస్టులో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక నిర్వహణ వ్యవస్థ వ్రాస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. 1992లో దానిని గ్నూ వారి లైసెన్సు కిందకు తెచ్చాడు. గ్నూ పనిముట్లు, లైనస్ వ్రాసిన మూలభాగం కలిసి పూర్తి వ్యవస్థ అయింది. అంటే ఇది దానం కాదు, ఉమ్మడి ఆస్తి.

అయితే తొలినాళ్లలో అది పండితుల సొత్తు. నల్లని తెరమీద ఆదేశాలు టైపు చేయాలి. మామూలు మనుషుల కోసం బొమ్మలు, కిటికీలతో కూడిన తెరను తయారుచేయాలని 1996లో జర్మనీలో మథియాస్ ఎట్రిచ్ 'కె.డి.ఇ.'ని, 1997లో మెక్సికో దేశస్థుడు మిగెల్ డి ఇకాజా, మిత్రుడితో కలిసి 'గ్నోమ్'ను ప్రారంభించారు. 2004లో దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ 'ఉబుంటు' తెచ్చి, అడిగినవారికి సి.డి.లు పోస్టులో ఉచితంగా పంపించారు. దాని ఆధారంగా 2006లో క్లెమెంట్ లెఫెబ్వ్ర్ మొదలుపెట్టినదే 'లినక్స్ మింట్'. మా మనవడు ఎంచుకున్నది అందులో 22వది.

ఇందులో ఒక మంచి సదుపాయం ఉంది. దానిని పెన్ డ్రైవులో ఎక్కించి, కంప్యూటరులోని పాత వ్యవస్థను తాకకుండానే నడిపి చూడవచ్చు. ఎడమచేతి వైపు కింది మూలన మెనూ, ఫైళ్లకు ఫోల్డర్లు, ఉత్తరాలకు లిబ్రె ఆఫీస్, ఇంటర్నెట్టుకు ఫైర్‌ఫాక్స్. అరగంటలో చెయ్యి అలవాటుపడింది. "ఇక పాతది తుడిచేసి ఇదే ఎక్కించు" అన్నాను.

అనేముందు, ఎందుకో ఒక ఫైలు తెరిచాను. నా అర్ధాంగిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తమ ఇంటివారు ఎలా బ్రతికి బయటపడ్డారో, ఎవరెవరిని పోగొట్టుకున్నారో ఆమె చెబుతుండగా 1999లో నేను టైపు చేశాను. మొత్తం పద్నాలుగు పేజీలు. ఆమె 2011లో కాలం చేసింది. ఆ ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. నా గుండె జారిపోయింది.

తప్పు లినక్స్‌ది కాదు. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో మన అక్షరాల ముక్కలు కూర్చేవారు. ఎవరి అమరిక వారిది. ఆ ఫాంటు ఉన్నచోటనే అది తెలుగు. విచిత్రమేమిటంటే, దీనికి మందు కూడా లినక్స్ పుట్టిన 1991లోనే పుట్టింది. ఆ సంవత్సరమే మన దేశం భారతీయ లిపులకు 'ఇస్కీ' అనే ప్రమాణాన్ని ఆమోదించింది. ఆ అక్టోబరులోనే వెలువడిన 'యూనికోడ్' మొదటి రూపంలో, అంతకుముందరి 1988 ఇస్కీ వరుస ఆధారంగా, తెలుగుకు చోటు దక్కింది. అందులో 'క' సంఖ్య 3093. ఏ కంపెనీ యంత్రమైనా, ఏ దేశంలోనైనా అదే. నేను 1999లో టైపు చేసేనాటికి ఈ సంగతి నాకు తెలియదు.

వెంటనే పాత వ్యవస్థలోకి తిరిగి వెళ్లి, ముందుగా ఆ పద్నాలుగు పేజీలూ కాగితం మీద అచ్చు తీయించాను. తరువాత మనవడు ఒక మార్పిడి ప్రోగ్రాముతో ఫైలును యూనికోడ్‌లోకి తెచ్చాడు. ఒత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి. కాగితం పక్కన పెట్టుకుని నాలుగు రోజులు కూర్చుని, ఒక్కొక్కటే దిద్దాను. ఇరవై ఏళ్లకు పైగా రికార్డులు భద్రపరిచిన ఉద్యోగం చేసి, ఇంట్లో రికార్డును మాత్రం ఇంత అజాగ్రత్తగా ఉంచానా అని సిగ్గుపడ్డాను. ఆ తరువాతనే లినక్స్ ఎక్కించమన్నాను.

ఆరు నెలలుగా పాత కంప్యూటరు కొత్త ఉద్యోగం సజావుగా చేస్తోంది. స్కానరు ఒక్కటి దీనితో పనిచేయడం లేదు. జీవన్ ప్రమాణ్‌కు ఫోనులో ముఖం చూపించే పద్ధతినే వాడుతున్నాను. ఆ ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్న మూలభాగమూ లినక్సేనట!

మిత్రులకు నా మనవి ఒక్కటే. లినక్స్ వాడతారో లేదో మీ ఇష్టం. కానీ పాత ఫాంట్లలో మీరు వ్రాసుకున్నవి, సంఘం తీర్మానాలు గానీ, ఇంటి సంగతులు గానీ ఉంటే, వాటిని తెరవగల యంత్రం పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్పించుకోండి, ఒక ప్రతి అచ్చు తీయించి పెట్టుకోండి. యంత్రానికి పునర్నియామకం దొరుకుతుంది. పోయిన మాటకు దొరకదు.