మల్చింగ్ చెత్తతో పురుగులు వ్యాపిస్తాయనే వదంతులు

మొక్కల మొదళ్ల చుట్టూ వరిగడ్డి, ఎండుటాకులు, చెరకు ఆకు, కొబ్బరి పీచు, చెక్క తరుగు వంటివి పరిచి నేలను కప్పడాన్ని మల్చింగ్ అంటారు. వ్యవసాయ గ్రంథాల్లో దీన్ని ఆచ్ఛాదన అని కూడా రాస్తారు. ఇలా పరిచిన చెత్త వెంట చెదలు, ఇతర పురుగులు ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరతాయని, ఇంటి కలపను కూడా తినేస్తాయని చాలా దేశాల్లో వదంతులు పుట్టాయి. వాటిలో అన్నిటికన్నా దూరం పాకినది 2006లో అమెరికాలో వచ్చిన చెదల వదంతి. దిగువ కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోనూ గడ్డి కప్పితే చెదలు పడతాయన్న భయం ఉంది. ఇక్కడ కప్పే సరుకూ, చెదల జాతీ అమెరికాలోని వాటికి భిన్నమైనవి. అసలు ముప్పు వచ్చే దారి కూడా వేరే.

2006 నాటి వదంతి

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికాలోని లూసియానా తీరాన్ని తాకింది. న్యూ ఆర్లియన్స్ పరిసరాల్లో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. అప్పటికి కొన్ని దశాబ్దాలుగా ఆ నగరాన్ని ఫార్మోసా చెదలు పీడిస్తున్నాయి. తూర్పు ఆసియాకు చెందిన ఈ జాతి శాస్త్రీయ నామం కాప్టోటెర్మిస్ ఫార్మోసానస్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల్లో తిరిగివచ్చిన కలప పెట్టెలతో ఇది అమెరికా దక్షిణ రేవులకు చేరిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

2006 తొలి నెలల్లో ఒక హెచ్చరిక ఈమెయిళ్ల ద్వారా దేశమంతా తిరిగింది. కూలిన చెట్లను తరుగు పట్టి సంచుల్లో చౌకగా అమ్ముతున్నారనీ, ఆ సంచి కొన్న ఇంటికల్లా ఫార్మోసా చెదలు చేరతాయనీ దాని సారాంశం. కానీ లూసియానా వ్యవసాయ, అటవీ శాఖ 2005 అక్టోబరులోనే తుపాను ప్రాంతాల కలప శిథిలాలు అనుమతి లేకుండా బయటికి పోకూడదని ఆంక్షలు పెట్టింది. చెట్టును యంత్రంలో వేసి ముక్కలు చేసేటప్పుడు చెదల్లో చాలా భాగం చనిపోతాయని, మిగిలినవి తడి ఆరిపోయి నిలవలేవని లూసియానా స్టేట్ యూనివర్సిటీ నిపుణులు వివరించారు.

వదంతిలో నిజం పాలు కొంత ఉంది. ఈ చెదలు మనుషుల వల్లే కొత్త చోట్లకు చేరాయి. అయితే అవి చేరింది తరుగుతో కాదు. పాత రైలు స్లీపర్లను తోటల్లో అలంకారానికి వాడినప్పుడు, చెద పట్టిన దుంగలను, పెట్టెలను తరలించినప్పుడు ఆ కలపతోపాటు వెళ్లాయి. చెక్క లోపల తడి, చీకటి, గూడు చెదరకుండా ఉంటేనే సమూహం బతుకుతుంది.

డెల్టాలో చెదలు

ఆంధ్ర ప్రాంతపు పొలాల్లో, దొడ్లలో ఎక్కువగా కనిపించేవి ఒడొంటోటెర్మిస్ జాతుల చెదలు. పుట్టలు పెట్టేవి ఇవే. పుట్ట లోపల ఒక రకం శిలీంధ్రాన్ని పెంచి దాని సాయంతో ఆహారం జీర్ణం చేసుకుంటాయి. వానలకు పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు ఆ శిలీంధ్రానివే. గుడ్లు పెట్టే రాణి నేల లోతున ప్రత్యేకమైన గదిలో ఉంటుంది. బయటికి వచ్చి గడ్డి, ఆకు, కలప కొరికేవి పనిచెదలు. వాటికి సంతానం కలగదు.

అందువల్ల గడ్డిమోపుతో పాటు నాలుగు పనిచెదలు మచిలీపట్నం నుంచి గుడివాడకు వెళ్లినా అక్కడ పుట్ట వెలవదు. రాణీ, శిలీంధ్రపు తోటా లేని చెదలు కొద్ది రోజుల్లో నశిస్తాయి. తొలకరి వానల తర్వాత దీపాల చుట్టూ మూగే ఉసిళ్లే కొత్త పుట్టలకు మూలం. రెక్కలు రాల్చిన ఆడ, మగ జంట మట్టిలో దూరి సంసారం మొదలుపెడుతుంది. ఆ జంట పెద్ద సమూహంగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది.

గడ్డివామి అడుగున చెదలు కనిపించడం ఈ భయానికి ముఖ్య కారణం. అవి గడ్డితో రావు, వామి కింది నేలలోంచే పైకి వస్తాయి. నీరు నిలిచే మాగాణి రేగడిలో చెదల బెడద తక్కువ. గట్లు, మెరక దొడ్లు, ఇసుక పాలు ఎక్కువ ఉన్న నేలల్లో ఎక్కువ. అలాంటి చోట తడిగడ్డి మందంగా పరిస్తే అప్పటికే ఉన్న చెదలకు నీడా, మేతా దొరుకుతాయి. కాబట్టి కప్పు చెదలను కొత్తగా తీసుకురాదు గానీ, ఉన్నవాటిని రప్పించగలదు. వదంతి ఈ తేడాను గుర్తించదు.

మల్చింగ్ వల్ల తగ్గే పురుగులు

చెరకులో మల్చింగ్ ఒక పురుగును అదుపు చేసే పద్ధతి కూడా. ముచ్చెలు నాటిన 3 రోజులకు హెక్టారుకు 3 టన్నుల చొప్పున చెరకు చెత్త కప్పితే తొలిదశలో వచ్చే పీకపురుగు తగ్గుతుందని శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తారు. చెదల బెడద ఉన్న నేలల్లో మాత్రం జాగ్రత్త చెబుతారు. కూరగాయల్లో పరిచే వెండి రంగు ప్లాస్టిక్ షీటు వెలుతురును పైకి తిప్పికొట్టి తెల్లదోమ, తామర పురుగులను కొంతవరకు దూరంగా ఉంచుతుంది.

  

నిజంగా చెత్తతో ప్రయాణించేవి

దివిసీమ కొబ్బరి తోటలకు సంబంధించినంత వరకు అసలు ప్రమాదం కొమ్ము పురుగు. దీని శాస్త్రీయ నామం ఒరిక్టిస్ రైనోసెరస్. కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో, పెంటదిబ్బల్లో, ఆకుచెత్త కుప్పల్లో ఇది గుడ్లు పెడుతుంది. తెల్లని లావుపాటి పిల్లపురుగులు అక్కడే నెలల తరబడి పెరుగుతాయి. పెద్ద పురుగు మొవ్వును తొలిచి తింటుంది. ఆ తర్వాత విచ్చుకున్న ఆకు కత్తెరతో విసనకర్రలా కోసినట్టు కనిపిస్తుంది. సగం మాగిన పెంటను బండి మీద వేరే తోటకు తోలితే ఈ పిల్లపురుగులూ వెంట వెళతాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన వంటి విపత్తుల్లో కూలిన చెట్లను తోటలోనే వదిలేస్తే అవి ఈ పురుగుకు పుట్టిళ్లవుతాయి. అందుకే తుపాను తర్వాత మొద్దులను త్వరగా తొలగించాలని ఉద్యాన నిపుణులు పదే పదే చెబుతారు. కుప్పల్లో మెటారైజియం శిలీంధ్రం కలిపితే పిల్లపురుగులు రోగం సోకి చనిపోతాయి.

నత్తలు, వాటి గుడ్లు తడిమట్టితో, నర్సరీ కుండీలతో వ్యాపిస్తాయి. ఆఫ్రికా పెద్ద నత్త 1847లో కలకత్తా తోటల్లో అడుగుపెట్టి, అక్కడి నుంచి దేశంలో పాకింది. వేరుబుడిపె నులిపురుగులు కూడా నర్సరీ మట్టితో, సోకిన నారుతో చేరతాయి.

వరిగడ్డి విషయంలో గమనించాల్సినది పాముపొడ తెగులు. దీన్ని కలిగించే రైజోక్టోనియా శిలీంధ్రం ఆవగింజల్లాంటి గట్టి బీజాల రూపంలో గడ్డిలోనూ మట్టిలోనూ నిలిచి ఉంటుంది. కూరగాయల నారుమళ్లలో నారుకుళ్లుకు కూడా ఈ శిలీంధ్రం కారణం కాగలదు. కాబట్టి తెగులు బాగా సోకిన చేలోని గడ్డి నారుమడికి పనికిరాదు. సుడిదోమ అలా కాదు. పచ్చి పైరు రసం పీల్చి బతికే ఆ దోమ ఎండుగడ్డిలో మనలేదు.

కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ ఇంకో ఉదాహరణ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వద్ద మన దేశంలో మొదట కనబడిన ఈ పురుగు ఆ తర్వాత ఆంధ్ర తీరానికీ వచ్చింది. దూరప్రాంతాలకు దీన్ని మోసేవి పురుగున్న పచ్చి మొక్కలు, ఆకులు. ఎండుచెత్త కాదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దీనిపై మిత్రపురుగులు, శిలీంధ్రాలతో జీవనియంత్రణ పద్ధతులను రైతులకు అందిస్తోంది.

ఎలుకలు, పాములు

దివిసీమలో గడ్డికుప్ప అంటే పాము భయం కూడా ఉంటుంది. 2018 వానాకాలంలో ఇక్కడ పాముకాట్లు పెరిగి రాష్ట్రమంతా చర్చ జరిగింది. గడ్డి పాములను పుట్టించదు. గింజలు మిగిలిన గడ్డిలో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. మొక్కల చుట్టూ పలుచగా పరిచిన కప్పు కన్నా, ఇంటి గోడకు ఆనించి వేసిన ఎత్తైన కుప్పతోనే ప్రమాదం ఎక్కువ.

జాగ్రత్తలు

• కప్పు మందం 5 నుంచి 10 సెంటీమీటర్లు చాలు. మొక్క కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి.
• ఇంటి గోడకు, తలుపు చట్రాలకు కనీసం ఒక జానెడు నేల ఖాళీగా ఉంచాలి. గోడల మీద మట్టి గొట్టాల్లాంటి చెద దారులు ఉన్నాయేమో చూస్తుండాలి.
• గడ్డిని బాగా ఎండబెట్టి, గింజలు, ఊద విత్తనాలు దులిపి వాడాలి.
• పెంటను పూర్తిగా మాగనివ్వాలి. కుప్పను తిరగవేసినప్పుడు కనిపించిన కొమ్ము పురుగు పిల్లలను ఏరి చంపాలి.
• కొబ్బరి పొట్టులో ఉప్పు ఎక్కువగా ఉంటే మంచినీటితో కడిగి వాడాలి. సముద్రతీరపు చౌడు నేలల్లో ఇది మరీ ముఖ్యం.
• చెద పట్టిన దుంగలు, పాత కలప తోటలోకి తేకూడదు.
• కొత్త ఇంటికి పునాది దశలోనే చెదల నివారణ చేయించాలి. దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 ఉంది.

కలప పెట్టెలతో పురుగులు దేశాలు దాటకుండా 2002లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం కలప మధ్యభాగం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు వేడెక్కాలి. మన దేశంలో పురుగులు, తెగుళ్ల వ్యాప్తిని అరికట్టే చట్టం 1914 నుంచే అమల్లో ఉంది. అధికారులు తనిఖీ చేసేది ముఖ్యంగా పచ్చి మొక్కలను, మట్టిని, ముడి కలపను. దొడ్లో మనం చూసుకోవాల్సినవీ అవే.

వదంతి నమ్మి గడ్డిని తగలబెడితే నేలకు చేరాల్సిన సేంద్రియ పదార్థం పొగైపోతుంది. భయంతో పురుగుమందు చల్లితే వానపాములు చస్తాయి. అనుమానం కలిగితే ఒక గుప్పెడు చెత్తనూ, కనిపించిన పురుగునూ సీసాలో వేసి ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలోనో, ఊళ్లోని రైతు సేవా కేంద్రంలోనో చూపించండి. పురుగు పేరు తెలిశాకే మందు సంగతి ఆలోచించండి.